రజిని పక్కన జాగా

నిజామాబాద్,
22 ఏప్రిల్ 2025.

బావకు,

వందనాలు చివర్లో రాస్తాను, అప్పటికి ఓపిక మిగిలితే.

మొన్న శనివారం నువ్వు రాలేదు. ఈస్టర్ ముందురోజు సమాధుల తోటకు రాకుండా ఎగ్గొట్టిన మనిషివి ఈ ఏడు నువ్వొక్కడివే. నవీపేట నుంచి ఒక పెద్దాయన మోకాలి ఆపరేషన్ అయిన కాలుతో ఆటోలో వచ్చాడు. ఎవరి జాగాకు వాళ్ళే తమ చేత్తో సున్నం వేయాలి గనక, డ్రైవర్ భుజం పట్టుకుని వంగి తన నాలుగు రాళ్ళకూ వేసుకుని పోయాడు. నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడుస్తున్నావని బోధన్ అంతా చెప్పుకుంటున్నారు.

పద్ధతి మరిచిపోయానని అంటావేమో, అందుకే మళ్ళీ రాస్తున్నాను. మొగుడూ పెళ్ళాల్లో ఒకరు ముందు పోతే రెండోవాళ్ళకు పక్కనే జాగా వదిలి నాలుగు మూలలా రాళ్ళు పాతుతారు. ఆ రాళ్ళకు ఏడాదికోసారి ఆ మనిషే వచ్చి సున్నం వేయాలి. వరుసగా రెండేళ్ళు వేయకపోతే జాగా కమిటీది. మా తాత కాలం నుంచీ ఇదే మన సంఘంలో నడుస్తున్నది. పోయిన ఏడు నీకు జ్వరం, ఒప్పుకున్నాను. ఈ ఏడు ఏ రోగం?

కమిటీ సెక్రటరీ పాల్ రాజ్ రిజిస్టర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "జ్యోతక్కా, మీ బావ సారేడి? రెండో ఏడు గూడ రాకపాయె. నేనేం రాయాలె?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి ఎవరో అన్నారు, "గాయన సావనే సావడంట గదనే, గాయనకు జాగెందుకు?" అని. తోటంతా నవ్వింది. నేను సున్నం బకెట్ పట్టుకుని అక్క సమాధి దగ్గర నిలబడి ఉన్నాను. నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

అప్పుడు తెలిసింది నువ్వు రైస్ మిల్లు ఆశన్న పెట్టిన చిరాయు మండలిలో చేరావని. నూట యాభై ఏళ్ళు బతుకుతావట. పొద్దున్నే చన్నీళ్ళ తొట్టిలో కూర్చుంటావట, రోజుకు ఒకపూటే తింటావట, పదకొండు మాత్రలు మింగుతావట. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ముప్పై నాలుగేళ్ళు చెరుకు రసంలో తీపి కొలిచినవాడివి, ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇప్పుడు నీ రక్తంలో తీపి కొలుచుకుంటూ కూర్చున్నావన్నమాట.

నువ్వు ఎన్నేళ్ళయినా బతుకు, నాకేం అభ్యంతరం లేదు. కానీ తోటలో ఇక ఖాళీ లేదు. ఈ జాగా పోతే నిన్ను బైపాస్ అవతల కొత్తగా కొన్న రాళ్ళ నేలలో పెడతారు. రజినక్క మూడేళ్ళుగా పక్కన నాలుగు రాళ్ళు పెట్టుకుని నీకోసం చూస్తున్నది. పాల్ రాజ్‌కు ఒక క్షమాపణ కాగితం రాసి పంపు, మిగతాది నేను చూసుకుంటాను.

ఫోన్ చేయకు. నువ్వు అరిస్తే నా చెవిలో మిషన్ కూడా అరుస్తుంది. రాయి.

జ్యోతిరాణి

(వందనాలకు ఓపిక మిగల్లేదు.)


బోధన్,
9 మే 2025.

జ్యోతికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నలభై ఏళ్ళు ఐదో తరగతికి పాఠం చెప్పిన మనిషికి లోకమంతా ఐదో తరగతిలాగే కనిపిస్తుంది, అందులో నీ తప్పు లేదు.

తన గోరీకి తానే సున్నం వేసుకుని, చేతులు కడుక్కుని, పులిహోర పొట్లం తీసుకుని ఇంటికి పోయే జనం నన్ను చూసి నవ్వారా? ఆ నవీపేట ముసలాయన గురించి ఏదో గొప్ప పని చేసినట్టు రాశావు. కాలు బాగుచేయించుకున్నది నడవడానికి. ఆయన ఆ కాలుతో మొదట వచ్చింది తన గుంత చూసుకోవడానికి. నవ్వాల్సింది ఎవరిని చూసి?

మా తాత నలభై రెండేళ్ళకు వాంతులూ విరేచనాలతో పోయాడు. బాగా బతికాడనే అన్నారట ఊళ్ళో. ఆ కాలానికి అదే బాగా బతకడం. తర్వాత మంచినీళ్ళొచ్చాయి, సూదులొచ్చాయి, మనందరికీ ఇంకో ముప్పై ఏళ్ళు కలిసొచ్చాయి. దేవుడు ఇచ్చిన దానికంటే ఎక్కువ బతుకుతున్నామని ఎవరైనా ఆ ముప్పై ఏళ్ళు వెనక్కి ఇచ్చేశారా? నువ్వు ఇచ్చావా? మరి ఇంకో ముప్పై, ఇంకో డెబ్భై అంటే మాత్రం అందరికీ ఒక్కసారిగా భక్తి పుట్టుకొస్తుంది.

రజిని ఏఎన్‌ఎమ్‌గా చెరుకు పల్లెలు తిరిగిన రోజులు నీకు గుర్తుండాలి. "పిల్లలు పుడ్తరు, పోతరు, గదేం కొత్తనా?" అని ముసలమ్మలు తలుపులు వేసుకునేవారు. మీ అక్క ఆ తలుపులు బాది, తిట్టి, పిల్లల్ని లాక్కొచ్చి సూదులు వేసేది. ముసలివాళ్ళు పోవడం మామూలే అంటూ ఇప్పుడు తలుపు వేసుకుంటున్నది నువ్వు. మీ అక్క వచ్చి తిడితే బాగుండేది.

జాగా సంగతి. క్షమాపణ కాగితం రాయను. ఈ కవర్లోనే పాల్ రాజ్ పేరున ఇంకో కాగితం పెట్టాను. ఆ జాగా నాకు అక్కరలేదని, ఎవరికి ఇచ్చుకున్నా అభ్యంతరం లేదని సంతకం చేశాను. తీసుకెళ్ళి ఇవ్వు. నీకు అంత తోచకపోతే జూన్ 15 ఆదివారం ఆరాధన అయ్యాక బోధన్ రా, మిల్లు పక్క ఫంక్షన్ హాల్లో మా సభ ఉంది. నేను కూడా మాట్లాడతాను. అర్థమైతే అవుతుంది.

శాంతి కుమార్


నిజామాబాద్,
18 జూన్ 2025.

బావకు,

వచ్చాను. చివరి వరుసలో, కూలర్ పక్కన కూర్చున్నాను. నువ్వు చూశావు, చూడనట్టు మొహం తిప్పుకున్నావు.

హైదరాబాద్ నుంచి మీకు పాఠం చెప్పడానికి వచ్చినవాడికి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎక్కువ కాలం బతకడం ఎలాగో వాడు చెబుతుంటే, వాడికి రెట్టింపు బతికిన మీరంతా కింద కూర్చుని నోట్సు రాసుకున్నారు. నా బడిలో అయితే బల్ల ఎక్కించి నిలబెట్టేదాన్ని, వాణ్ణి కాదు, మిమ్మల్ని.

ఇక ఆశన్న. ఎనభై ఒక్క ఏళ్ళు, మెడలో గులాబీ దండ, నడుముకు మిల్లు తాళాల గుత్తి. అటూ ఇటూ ఇద్దరు కొడుకులు, ఒకడికి యాభై ఎనిమిది, ఒకడికి యాభై అయిదు, మంచినీళ్ళ సీసా ఒకడూ తువ్వాలు ఒకడూ పట్టుకుని. అందుకే చెయ్యెత్తి అడిగాను, మీకు నూట యాభై వచ్చేసరికి పెద్దబ్బాయికి నూట ఇరవై ఏడొస్తాయి, అప్పుడైనా తాళాలు ఇస్తారా అని. ఆశన్న ఏమన్నాడో నువ్వూ విన్నావు. "గాళ్ళకంత ఆత్రమెందుకమ్మా? గాళ్ళు గూడ బతుకుతరు గద!" ఆ పెద్దకొడుకు నేల చూపులు చూశాడు. జుట్టుకు రంగు వేసుకున్నాడు పాపం, ఇంకా యువరాజునే అని. చావు లేని ఊళ్ళో తండ్రులందరూ సేట్లే, కొడుకులందరూ సీసాలు మోసేవాళ్ళే. మీకు కావలసిన లోకం ఇదేనా?

లక్ష్మవ్వ మాట అన్నింటికంటే బాగుంది. నీ ఇంట్లో వంట చేసే మనిషిని సభలో చాయ పంచడానికి తెచ్చావు, అదొక ఘనకార్యం. "ఏం లక్ష్మవ్వా, నూట యాభై ఏండ్లు బతుకుతవా?" అని ఆశన్న సరదాకు అడిగితే, "గన్నేండ్లు గీ బోళ్ళే తోమాల్నా సేటూ?" అన్నది. హాలంతా పడి పడి నవ్వారు. మీ సభ అక్కడితో ముగించి ఉంటే బాగుండేది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చే ఆడవాళ్ళు నలభైకే నడుం పట్టుకుని నడుస్తారు. వాళ్ళకు ఇంకో వందేళ్ళు ఇచ్చి ఏం చేయమంటావు, ఇంకో వంద పంటలు కొట్టమంటావా?

సరే, వాళ్ళను వదిలెయ్యి. నువ్వేం చేస్తావు? నీ డెబ్భై నాలుగేళ్ళలో మాకు చెప్పింది మూడు కథలు. బాయిలర్ పేలబోతే నువ్వు వాల్వు తిప్పడం ఒకటి, మేనేజర్‌ను మరాఠీలో ఎవరో తిడితే ఆయన దండం పెట్టడం ఒకటి, పెళ్ళిచూపులకు నువ్వు వేరే ఇంటికి పోయి ఉప్మా తిని రావడం ఒకటి. నలభై ఎనిమిదేళ్ళుగా వింటున్నాను. ఇంకో డెబ్భై ఆరేళ్ళు ఆ మూడే చెబుతావా? వినడానికి మేమూ బతకాలి కదా, ఆ పని మా వల్ల కాదు.

నీ కాగితం ఇచ్చేశాను. బుద్ధొస్తుందేమోనని నెల దాచి చూశాను. "ఒక్కసారి వద్దని రాసిచ్చిన జాగ మళ్ళ గాయనకే రాయరాదక్కా. సార్‌కు ఎరికేనా?" అని పాల్ రాజ్ మూడుసార్లు అడిగాడు. ఆగస్టు మీటింగు దాకా ఆపుతానన్నాడు. అప్పటిదాకా నీకు టైముంది.

అక్కను చూసైనా నేర్చుకో బావా. నిండుగా బతికింది, నిమ్మళంగా పోయింది. ఆమె ఇంకా కావాలని ఎవరినీ అడుక్కోలేదు.

జ్యోతిరాణి


బోధన్,
6 జులై 2025.

జ్యోతికి,

నిమ్మళంగా పోయింది అని ఇంకోసారి రాయకు. రాస్తే ఆ ఉత్తరం విప్పకుండా పొయ్యిలో పెడతాను.

నువ్వు మెచ్చుకున్న లక్ష్మవ్వ మాట సంగతి చెబుతాను. సభ అయిన మర్నాడు గిన్నెలు సర్దుతూ నన్ను అడిగింది, "సారూ, గా నూట యాభై ఏండ్ల మందు నిజంగనే వస్తదా? వస్తే నాకు గూడ ఇప్పిస్తవా?" అని. నిన్న వద్దన్నావు కదా అన్నాను. "గంత మంది పెద్దోళ్ళ ముంగట కావాలంటే నవ్వరా? గందుకే వద్దన్న" అన్నది. దానికి ఒక మనవరాలుంది, తొమ్మిదో తరగతి. ఆ పిల్ల నర్సు కావాలి, ఉద్యోగం చేయాలి, ఆ ఇంట్లో తాను పక్కమీద కూర్చుని ఒక నెలరోజులు ఏ పనీ చేయకుండా అన్నం తినాలి. ఇదీ దాని కోరిక. అరవై ఆరేళ్ళ ఒంటికి ఆ నెల అందుతుందో లేదోనని దాని భయం. నువ్వు నవ్విన మాటను అది నవ్వించడానికే అన్నది. పేదవాళ్ళకు ఎక్కువ బతుకు ఎందుకని జాలిపడే మీ అందరికంటే ఆశన్న నయం. ఆయన దురాశ ఆయన గురించే.

మూడు కథలన్నావు. నిజమే. డెబ్భై నాలుగేళ్ళలో ముప్పై నాలుగు షిఫ్టు డ్యూటీకి పోయాయి. పగలు నిద్ర, రాత్రి ఫ్యాక్టరీ. మిగిలిన దాంట్లో మూడు కథలు దొరికాయంటే అదే ఎక్కువ. బోధన్ బజారులో యాభై ఏళ్ళుగా మరాఠీ వింటున్నాను, ధర అడగడం తప్ప ఒక్క ముక్క రాదు. పోయిన నెల మొదలుపెట్టాను. నవ్వుకో.

నేను గమనించింది ఒకటుంది. చాలు అనే మాట తన గురించి తాను అన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ మాట ఎప్పుడూ పక్క మంచం మీద ఉన్నవాళ్ళ గురించే. కాళ్ళ మీద నిలబడగలిగినవాడు, కడుపు నిండినవాడు, మంచం పట్టినవాళ్ళను చూసి చాలు అంటాడు. దానికి మళ్ళీ తత్వం అని పేరు. నాకు ఆ తత్వం మీద ఉమ్మెయ్యాలని ఉంది.

జాగా వద్దంటే వద్దు. ఆగస్టు దాకా ఆగనక్కరలేదని పాల్ రాజ్‌తో చెప్పు.

శాంతి కుమార్


నిజామాబాద్,
20 ఆగస్టు 2025.

బావకు,

కమిటీ మీటింగు అయింది. జాగా పోయింది. ఎవరికి పోయిందో విను, నాకే.

పెళ్ళి కానిదాన్ని గనక తోటలో నాకు జంట జాగా అన్నదే లేదు. మొగుడి జాగా చెల్లెలికి ఇవ్వొచ్చా అని గంట వాదించుకున్నారు. చివరికి పాల్ రాజే తేల్చాడు, "గా అక్కనే కద ఇన్నేండ్లు రెండు దిక్కుల గడ్డి పీకింది, రాయుండ్రి" అని. పోయిన ఆదివారం నా చేత్తో నాలుగు రాళ్ళకూ సున్నం వేసుకున్నాను. పులిహోర కూడా తిన్నాను, నువ్వు అడుగుతావని రాస్తున్నాను.

ఇప్పుడు రూలు చెబుతాను. నా పేరున ఉన్న జాగా నేను బతికుండగా నా వాళ్ళెవరు పోయినా వాళ్ళకు వదలొచ్చట. అంటే రజినక్క పక్కన పడుకోవాలంటే నువ్వు నాకంటే ముందు పోవాలి. నేను ముందు పోతే అందులో నేనుంటాను, నువ్వు నీ నూట యాభై పూర్తి చేసుకుని తీరిగ్గా బైపాస్ అవతల లారీల హారన్లు వింటూ పడుకోవచ్చు. నాకు అరవై తొమ్మిది, బీపీ ఉంది, షుగర్ ఉంది. నువ్వేమో చన్నీళ్ళలో కూర్చుని గట్టిపడుతున్నావు. నీకు ఎక్కువ టైము లేదు బావా. ఏం కావాలో తేల్చుకో, ఏళ్ళా, అక్కనా.

నీ మరాఠీ ఎంతవరకు వచ్చింది?

జ్యోతిరాణి


బోధన్,
14 సెప్టెంబర్ 2025.

జ్యోతికి,

నువ్వు ఈ ఉత్తరం రాసినప్పుడు నవ్వుకుంటూ రాసి ఉంటావు. నేను చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. లక్ష్మవ్వ మా మండలి ఉపవాసం అనుకుంది.

దాచి లాభం లేదు. నూట యాభై ఏళ్ళు బతుకుతానని ఆ జాగా వదులుకోలేదు. ల్యాబులో పనిచేసినవాణ్ణి, ఆ పదకొండు మాత్రలు ఏ మాత్రం పనిచేస్తాయో ఆశన్న కంటే నాకు బాగా తెలుసు. ఆ నాలుగు రాళ్ళ దగ్గరికి పోవడానికి నాకు మొహం లేదు. పోయిన ఏడు జ్వరం అబద్ధం. బస్టాండ్ దాకా వచ్చి వెనక్కి పోయాను.

హైదరాబాద్ ఆసుపత్రిలో పందొమ్మిదో రోజు. న్యుమోనియా రెండు ఊపిరితిత్తులకూ పాకింది, మాస్కు చాలడం లేదు, గొంతులో గొట్టం వేయాలా వద్దా చెప్పండి అన్నాడు డాక్టరు. వేస్తే పదిలో మూడు పాళ్ళు ఆశ ఉందన్నాడు. దాచకుండా చెప్పాడు, మంచివాడు. వరండాలో మనమిద్దరమే ఉన్నాం. నేను నీ మొహం చూశాను. "చాలు బావా. అక్క నిండుగ బతికింది. ఇగ బాధపెట్టొద్దు, పోనియ్యి" అన్నావు. నేను కిందికి పోయి గొట్టం వద్దని సంతకం పెట్టి వచ్చాను. లిఫ్టు రాలేదు, మెట్లెక్కి వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలయింది. సాయంత్రానికి రజిని లేదు. ఆమెకు డెబ్భై ఏళ్ళు. పదిలో మూడు పాళ్ళు మిగిలిన రసాన్ని మా ఫ్యాక్టరీలో కూడా పారబోసేవాళ్ళం కాదు.

నేను కొట్లాడుతున్నది చావుతో కాదు జ్యోతీ. ఆ ఒక్క మాటతో. ఎవరు చాలు అన్నా నాకు వాళ్ళ చొక్కా పట్టుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ రోజు నేను పట్టుకోలేదు. మా సభలో అందరూ వెర్రివాళ్ళే, నువ్వు రాసింది అక్షరాలా నిజం. కానీ ఈ జిల్లా మొత్తంలో ఎవరూ చాలు అనని చోటు అదొక్కటే. అందుకే పోతున్నాను.

సంతకం పెట్టిన చెయ్యి నాది, నిన్ను తప్పించుకోవడానికి ఇది రాయడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఎగతాళి లేకుండా జవాబు రాయి. ఆ మాట ఎందుకన్నావు? డాక్టరు ఆశ లేదనలేదు, నొప్పి తెలుస్తున్నదని కూడా అనలేదు. నువ్వు అంత నమ్మకంగా ఎలా అన్నావు?

శాంతి కుమార్


నిజామాబాద్,
12 అక్టోబర్ 2025.

బావకు,

నాలుగుసార్లు రాసి చించాను. ఇది పోస్టు చేస్తాను.

నమ్మకంగా అనలేదు. అలసిపోయి అన్నాను. పందొమ్మిది రోజులు ఆ ఇనుప కుర్చీలో కూర్చున్నాను. నువ్వు పగలు వచ్చేవాడివి, రాత్రి లాడ్జికి పోయేవాడివి. మగవాళ్ళను రాత్రి ఉండనివ్వలేదు, నీ తప్పేం లేదు. కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. పదిలో మూడు పాళ్ళు అని డాక్టరు అనగానే నాకు వినిపించింది ఇంకో ఇరవై రోజులు, ఆ తర్వాత ఇంట్లో ఇంకో ఏడాది, ఎత్తడం, దించడం, తుడవడం. చాలయింది నాకు. అక్క పేరు పెట్టి అన్నాను.

అది ఒక్కటే అయితే ఎప్పుడో నీకు చెప్పేదాన్ని. ఇంకొకటుంది.

నువ్వు సంతకానికి కిందికి పోయినప్పుడు నేను లోపల మంచం దగ్గరికి పోయాను. మగతలో ఉన్న అక్క కళ్ళు తెరిచింది. నర్సు అవతలి మంచం దగ్గరుంది. అక్క మాస్కును వేలితో పక్కకు జరిపి నన్ను చూసింది. "ఇంటికి పోదాం పా జ్యోతీ. బావకు అన్నం ఎవలు పెడ్తున్నరు?" అన్నది. గొంతు సన్నగా ఉంది కానీ మాట స్పష్టంగా ఉంది. నేను పరుగెత్తలేదు. నీకు ఫోన్ చేయలేదు. మాస్కు సరిచేసి, "పోదాం, పండుకో" అన్నాను. కళ్ళు మూసుకుంది. నువ్వు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, "లేచిందా?" అని అడిగావు. లేదన్నాను.

అవునంటే నువ్వు ఆ కాగితం చించేసేవాడివి. అది నాకు తెలుసు. తెలిసే లేదన్నాను.

మూడేళ్ళుగా అందరికీ నిమ్మళంగా పోయిందని చెబుతున్నాను. చెప్పి చెప్పి నేనే నమ్మాను. నువ్వు ఇంకా బతకాలి, ఇంకా కావాలి అని మొదలుపెట్టేసరికి నీ మీద నాకు ఎంత అసహ్యం పుట్టిందో చెప్పలేను. నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా ఇంటికి పోదామన్న గొంతు వినిపించేది. నిన్ను వెర్రివాణ్ణి చేస్తే ఆ గొంతు ఆగుతుందనుకున్నాను. నా ఉత్తరాలన్నీ అందుకే రాశాను. నిన్ను అన్నవన్నీ నాకు తగినవి.

జాగా నీది. నేను ముందు పోయినా దాంట్లో నన్ను పెట్టొద్దని పాల్ రాజ్‌కు రాసిచ్చాను. నీ పేరు మళ్ళీ రాయడం రూలు కాదన్నాడు, నా ఉత్తరం మొత్తం చదివాక పెన్ను తీసి రాశాడు. నన్ను బైపాస్ అవతల పెడతారు. ఎక్కువ కాలం పట్టకపోవచ్చు. బీపీ మాత్రలు మానేసి నెలయింది, తల తిరుగుతున్నది, అయినా వేసుకోవాలనిపించడం లేదు. ఇది నిన్ను జాలిపడమని రాయలేదు.

జ్యోతి


బోధన్,
30 నవంబర్ 2025.

జ్యోతికి,

మొదటి వారం నీ ఉత్తరం తలుపు వెనక పడేశాను. రెండో వారం నిజామాబాద్ వచ్చి నీ ఇంటి ముందు నిలబడి నాలుగు వీధులకు వినబడేలా తిట్టాలనుకుని చొక్కా వేసుకున్నాను. చెవి మిషన్ తీసేసి కూర్చుంటావని ఆగిపోయాను.

ఆమె నా అన్నం గురించి అడిగింది. ఆ మాట నాది. దాన్ని మూడేళ్ళు నీ దగ్గర దాచుకున్నావు. నేను ఆ మూడేళ్ళూ ఆమె నన్ను తలచుకోకుండానే పోయిందనుకుని తిన్నాను, పడుకున్నాను, చన్నీళ్ళలో కూర్చున్నాను. నువ్వు చేసిన దానికి పేరు పెట్టడానికి నాకు మాట దొరకడం లేదు.

క్షమించమని నువ్వు అడగలేదు. మంచి పని చేశావు. అడిగితే కాదనేవాణ్ణి. నీ మీద కోపం ఈ ఏడు తగ్గదు, వచ్చే ఏడూ తగ్గదు. ఎంత ఉదారంగా చూసుకున్నా ఇరవై ఏళ్ళు పడుతుంది. అప్పటికి నాకు తొంభై నాలుగు, నీకు ఎనభై తొమ్మిది. మధ్యలో నువ్వు తల తిరిగి పడి పోతే నేను ఎవరిని క్షమించాలి? ఆ బైపాస్ రాళ్ళనా?

దీంతో పాటు మూడు నెలల బీపీ మాత్రలు పంపుతున్నాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వేసుకున్నట్టు వారం వారం ఉత్తరం రాయి. అందులో ఆమె ఆ మాట ఎలా అన్నదో, బావ అనేటప్పుడు ఎటు చూసిందో, ముందూ వెనకా ఏముందో, ఒక్కొక్కటే రాయి. దాచకు. ఇక్కడికి రాకు, నీ మొహం చూసే ఓపిక నాకు ఇంకా రాలేదు.

నేను నిన్ను క్షమించడం పూర్తయ్యేదాకా నువ్వు చావడానికి వీల్లేదు.

శాంతి కుమార్